బుజ్జీ, అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి ఇది చదువు

బుజ్జీ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, బుజ్జి పుస్తకం రాసింది వదినా, అచ్చుకి కూడా ఇచ్చేస్తోందంట అంది. ఆ తర్వాత ఇంకేం చెప్పిందో నాకు చెవికెక్కలా. మన ఇంట్లో ఆడపిల్ల పేరు పుస్తకం అట్ట మీద రావడం ఇదే మొదలు. మీ తాతయ్య ఉంటే ఈపాటికి వీధి వీధీ తిరిగి చెప్పేవాడు, సండేస్కూల్లో నీకు బైబిల్ వాక్యాలు నోటికి నేర్పింది కూడా తనేనని కలిపి చెప్పేవాడు, నేర్పింది నేనైనా సరే.

సంతోషం కాస్త సర్దుకున్నాక భయం పట్టుకుంది. నైట్ డ్యూటీల్లో వార్డులో చూసినవి ఒక్కొక్కటి తీసుకుని, దానికొక వాక్యం, చివర్లో చిన్న ప్రార్థన పెట్టి రాశావంట. ఎవరో పబ్లిషింగ్ ప్యాకేజీ అని లక్షా ఇరవై వేలు అడిగారంట. ఈ రెండు మాటలూ విన్నాక నాకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు, అందుకే ఇది ఫోన్లో ఒంటి వేలితో కొడుతున్నా. జీవితమంతా ప్రెస్సులో ఇంకొకళ్ళ తప్పులు దిద్దినదాన్ని, నా తప్పులు నువ్వు దిద్దుకుని చదువుకో.

ముందు డబ్బు సంగతి. ఆ ప్యాకేజీ అతను ఏమన్నాడో మీ అమ్మ చెప్పింది, "సిస్టర్, మీ పుస్తకం ద్వారా వేల ఆత్మలు రక్షించబడతాయి, ప్రార్థన చేసుకుని డిసైడ్ అవ్వండి, శనివారం లోపయితే డిస్కౌంట్" అన్నాడంట. ప్రార్థన చేసుకోమనేవాడు మళ్ళీ శనివారం అని గడువెందుకు పెట్టాడే? సేవ పేరు చెప్పి బేరమాడేవాడితో బేరం ఆడలేం, అదే చిక్కు. రేటు తగ్గించమంటే విశ్వాసం లేనట్టు అయిపోతుంది. నువ్వు మొహమాటపడకుండా కాగితం మీద రాసివ్వమను, ఎన్ని కాపీలు, ఏ పేపరు, ఎన్ని పేజీలు, హక్కులు ఎవరివి, తర్వాత దిద్దుకోగలిగే కంపోజింగ్ ఫైల్ నీ చేతికిస్తారా లేదా. ఐఎస్‌బీఎన్, అదే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, దాని కోసం అయిదు వేలో ఎంతో వేశాడంట కదా, అది మన దేశంలో ఉచితం. ఢిల్లీలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్లో నీ పేరు మీదే అప్లై చేసుకోవచ్చు, కాకపోతే కాస్త ఆలస్యం అవుద్ది. అతని పేరు మీద తీసుకుంటే రికార్డులో పబ్లిషర్ అతనే అవుతాడు, అది గుర్తుపెట్టుకో.

నీ జీతం నాకు తెలుసు, హాస్టల్ ఖర్చు తెలుసు, తమ్ముడి ఫీజు నువ్వే కడుతున్నావని కూడా తెలుసు. ఈ పుస్తకం కోసం అప్పు చేశావని తెలిస్తే బస్సెక్కి హైదరాబాద్ వస్తా, చెప్తున్నా.

ముందు డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు వేయించు. కాపీకి రేటు ఎక్కువ పడుద్ది, పడనీ. ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేస్తే కాపీ చవగ్గా వస్తుందని అందరూ ఆశపెడతారు, ఆ వెయ్యి కాపీలు ఎక్కడ పెడతావు, నీ హాస్టల్ మంచం కిందా? విజయవాడ చుట్టుపక్కల సేవకుల ఇళ్ళల్లో మంచాల కింద ఎన్ని కట్టలు చెదలు పట్టిపోయినయ్యో నేను చూశా. వంద అయిపోయి జనం అడుగుతుంటే అప్పుడు ఆఫ్‌సెట్‌కి వెళ్ళు. అప్పుడు పేజీల లెక్క చూసుకో, డెమ్మీ సైజులో ఫారం అంటే పదహారు పేజీలు, 112 అయితే ఏడు ఫారాలు, 128 అయితే ఎనిమిది. నీది 115 వచ్చిందనుకో, మూడు పేజీల కోసం ఇంకో ఫారం దండగ, ఆ మూడూ కోసెయ్. ఏ పుస్తకంలో అయినా కొయ్యగలిగే మూడు పేజీలు ఉంటాయి, నీదాంట్లో థాంక్స్ చెప్పిన పేజీలే అన్ని ఉండుంటాయి.

అక్షరాలు పెద్దవి పెట్టించు, మన పుస్తకాలు కొనేది బైబిల్ సంచిలో కళ్ళజోడు మర్చిపోయి వచ్చే ఆడవాళ్ళు. కంపోజింగ్ యూనికోడ్‌లో చేయించు. "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో చేసి తర్వాత మారిస్తే ఒత్తులు ఎక్కడివక్కడ ఎగిరిపోతాయి, మళ్ళీ మొదటి నుంచీ ప్రూఫ్ చూడాల్సిందే.

ప్రూఫ్ అంటే గుర్తొచ్చింది. వాక్యాలు జ్ఞాపకం మీద రాయొద్దు, బైబిల్ తెరిచి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకో, రిఫరెన్సు అంకెలు కూడా. మా ప్రెస్సులో ఒకసారి ఇరవై మూడో కీర్తన "నాకు లేమి కలుగును" అని కంపోజ్ అయ్యి మూడు చేతులు దాటొచ్చింది, ఎవరూ పట్టుకోలా, ఎందుకంటే అందరికీ నోటికొచ్చిన వాక్యం, కళ్ళు చదవవు, నోరే చదివేస్తుంది. 1631లో లండన్లో అచ్చయిన బైబిల్లో పది ఆజ్ఞల్లో ఒక "కూడదు" ఎగిరిపోయి వ్యభిచరించమన్నట్టు వచ్చిందంట, ప్రింటర్లకి మూడొందల పౌండ్లు జరిమానా వేశారు. నువ్వు నవ్వుకో, నేను మాత్రం అది చదివినప్పుడు ఆ ప్రూఫ్‌రీడర్ గురించే ఆలోచించా. ఇంకో మాట, ఏ తర్జుమాలోంచి వాక్యాలు తీసుకున్నావో కాపీరైట్ పేజీలో వెయ్యి, బాగా ఎక్కువ వాడితే ఆ తర్జుమా హక్కులున్నవాళ్ళకి లెటర్ రాసి అనుమతి తీసుకో. పాటలూ అంతే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అయితే ఏ ఇబ్బందీ లేదు, ఆయన 1890లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు, రాసినవాళ్ళు పోయాక అరవై ఏళ్ళ దాకే హక్కు. యూట్యూబ్‌లో నువ్వు వినే పాటల చరణాలు మాత్రం అడక్కుండా వెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

మీ మావయ్య ఒక పుస్తకం వేశాడని నీకు తెలుసా? తెలీదు, మా ఇంట్లో ఒక్క కాపీ కూడా ఉంచలేదు ఆయన. నువ్వు పుట్టక ముందు సంగతి. సువార్త తిరుగుతున్న రోజుల్లో ఊళ్ళల్లో విన్న సాక్ష్యాలన్నీ, అదే దేవుడు తమకేం చేశాడో జనం చెప్పుకున్నవన్నీ, నోటుపుస్తకంలో రాసుకునేవాడు, వాటిని పుస్తకం చేశాడు. నాకు చూపిస్తే కామాలు పీకుతానని భయపడి వేరే ప్రెస్సులో వేయించాడు. చాలా బాగా రాశాడే, ఆ మాట చెప్పాలి, చదువుతుంటే ఏడుపొస్తుంది. దాంట్లో ఒక కుర్రాడి సాక్ష్యం ఉంది. పేరుతో సహా, ఊరు పేరుతో సహా, తండ్రి ఏం పని చేసేవాడో, ఏ నెలలో ఏ కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడో అన్నీ. ఫోటో కూడా. ఆ కుర్రాడు సంతోషంగానే చెప్పాడు, కూటంలో మైకు ముందు కూడా చెప్పాడు. పుస్తకంలో వేస్తానని మాత్రం మావయ్య అడగలా. దేవునికి మహిమ కదా, అడిగేదేముంది అనుకున్నాడు.

రెండేళ్ళకి ఆ కుర్రాడికి టీచర్ ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. నీకు తెలిసే ఉంటది, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవం తీసుకున్నవాళ్ళకి లేదు. మన దగ్గర వాళ్ళని బీసీ-సీలో లెక్కేస్తారు, దానికి ఒక్క శాతమే రిజర్వేషన్. మాలపల్లెలో మాదిగపల్లెలో ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళు ఎంతమందో, సర్టిఫికెట్ మీద ఏముంటదో, ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. అది న్యాయమా అన్యాయమా అని నన్నడక్కు, అదే గుడిసెలో ఉంటాడు, అదే బావి దగ్గర మాట పడతాడు, మోకాళ్ళూనితే మాత్రం కులం పోయిందంటారు, నాకైతే ఎప్పుడూ బోధపడలా. కానీ ఇంటి గొడవతో కక్షకట్టిన ఒకడు మావయ్య పుస్తకం సంపాదించి, ఆ పేజీలు జిరాక్స్ తీసి అర్జీకి జతచేసి పైకి పంపించాడు. ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్ళకి, పేరూ ఊరూ తేదీ ఫోటో అన్నీ మావయ్యే అచ్చు వేసి పెట్టాడాయె.

ఎంక్వయిరీ మీద ఎంక్వయిరీ. ఆ ఉద్యోగం దక్కలేదు. ఆ పిల్లాడి తల్లి ఒకరోజు మా ఇంటికొచ్చింది, అరుస్తుందనుకున్నా, అరవలా. పుస్తకం బల్ల మీద పెట్టి "అయ్యగారూ, మావాడు దేవుడికి చెప్పుకున్నాడు గానీ మీకు రాసివ్వలేదు కదా" అంది. నేను టీ పెట్టా, తాగలేదు. ఆ సాయంత్రం నుంచి మీ మావయ్య సైకిల్ మీద ఊరూరా తిరిగి అమ్మిన కాపీలు వెనక్కి అడగడం మొదలుపెట్టాడు. కొంతమంది ఇచ్చారు, కొంతమంది ఎక్కడుందో అన్నారు, కొంతమంది ఎందుకని ఆరా తీసి ఇంకో నలుగురికి చెప్పారు. తర్వాత ఆయన ప్రసంగాల్లో కూడా ఎవరి పేరూ ఎత్తడు, గమనించావా ఎప్పుడైనా? "ఒక సహోదరుడు" అంటాడు, అంతే. మీరంతా అది ఆయన పద్ధతి అనుకుంటారు.

అందుకే నువ్వు వార్డు కథలు రాశావనగానే నా గుండె జారింది. నీకు ఇంకా ప్రమాదం తల్లీ, నువ్వు నర్సువి. పేషెంటు సంగతి బయటపెట్టకూడదని నీ చదువులోనే చెప్పుంటారు, పేరు మారిస్తే చాలదు. ఏ హాస్పిటల్, ఏ వార్డు, ఏ నెల, ఏ జబ్బు అని ఉంటే వాళ్ళ ఇంటివాళ్ళు ఇట్టే పోల్చేస్తారు, హెచ్ఐవీ అనో పురుగుమందు తాగిందనో రాశావంటే ఆ ఇంట్లో పెళ్ళి సంబంధాలు ఆగిపోతాయి. బతికున్నవాళ్ళయితే వెళ్ళి అడుగు, రాసింది చదివి వినిపించు, సంతకం పెట్టించుకో. అడగలేనంత దూరం అయితే ఆనవాళ్ళన్నీ తీసెయ్, అవి తీసేస్తే కథ నిలబడకపోతే ఆ కథే తీసెయ్. ఉద్యోగం పోయేది నీది.

స్వస్థత గురించి కూడా. ప్రార్థన చేశాం, తగ్గింది అని రాయి, నేనూ నమ్ముతా. మందులు మానేసింది, తగ్గింది అని మాత్రం ఒక్క లైను కూడా రాయకు, అది చదివి ఎవరో ఒక తల్లి పిల్లాడి ఇన్సులిన్ ఆపేస్తుంది. నీకు తెలీనిది కాదు, కానీ రాసే ఊపులో చెయ్యి జారుద్ది.

ముందుమాట ఎవరితో రాయిస్తున్నావు? పేరు మోసిన ప్రసంగీకుడి వెంట పడొద్దు. మనోళ్ళు పుస్తకం తెరిచి ముందు చూసేది ముందుమాట ఎవరిదా అనే, పెంతెకొస్తు అయ్యగారిదైతే బ్రదరెన్ వాళ్ళు కింద పెడతారు, లూథరన్ అయ్యగారిదైతే పెంతెకొస్తు వాళ్ళు కింద పెడతారు. మీ హాస్పిటల్లో రిటైరైన పెద్ద నర్సమ్మ ఎవరైనా ఉంటే ఆవిడ చేత రాయించు, నాకు అదే బాగుంటదనిపిస్తుంది.

క్రిస్మస్‌కి విడుదల అంటున్నావంట, వద్దు. నవంబర్, డిసెంబర్‌లో క్రిస్టియన్ బుక్ షాపుకి వెళ్ళి చూడు, వాగ్దాన క్యాలెండర్లు, నక్షత్రాలు, కొత్త బైబిళ్ళు, ఎవడు చూస్తాడు కొత్త పిల్ల పుస్తకం. శ్రమకాలానికి, అదే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజులకి, ముందు తీసుకురా, ఆ నలభై రోజులూ ఇళ్ళల్లో కూర్చుని చదువుతారు, నీవి ఎట్టాగూ రోజుకొకటి చదువుకునే ముక్కలే. షాపులవాళ్ళు నలభై శాతం దాకా కమీషన్ అడుగుతారు, అమ్మినాక ఇస్తామంటారు, పది కాపీలకి మించి ఇవ్వకు, చలానా రాయించుకో. పోస్టులో పంపడానికి 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మూడొందల గ్రాముల లోపయితే ఇరవై రూపాయలతో మొదలు, మతపరమైన పుస్తకాలకి కూడా వర్తిస్తుంది, పుస్తకం మీద ప్రింటరో పబ్లిషరో పేరుండాలి.

పుస్తకం మీద ధర అచ్చు వేయించు. సిగ్గుపడి "ఉచితంగా పంచుటకు" అని వేసేవు, మనవాళ్ళకి క్రైస్తవ పుస్తకం అంటే ఊరికే ఇవ్వాలని అలవాటైపోయింది, ఊరికే ఇచ్చింది చదవరు, పప్పు డబ్బాల కింద పరుస్తారు. అమెరికాలో మీ పిన్ని వాళ్ళ చర్చి డబ్బు పంపుతామంటే కూడా ఒప్పుకోకు, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని చర్చి ఖాతాలో అది వేయిస్తే కేసు.

ఫైల్ నాకు పంపు, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుంటా, కాగితం మీదయితేనే నాకు తప్పులు కనపడతాయి. ఎర్ర పెన్ను కొనుక్కొచ్చా. మూడో అధ్యాయంలో ఐసీయూ పెద్దాయన గురించి రాశావంట, మీ అమ్మ చదివి ఏడ్చిందంట, వాళ్ళబ్బాయిని అడిగావా లేదా రాత్రికి ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాటాక చెయ్, అప్పటికి మావయ్య పడుకుంటాడు. ఆయన నిన్ను అత్త ఏం రాసిందమ్మా అని అడిగితే పేపరు రేట్ల గురించి రాసిందని చెప్పు.

అత్తయ్య