పార్లర్ పెట్టబోయే బిడ్డకు: నల్ల మైదాకు, తెల్ల క్రీము

బిడ్డా స్రవంతీ,

హన్మకొండల పార్లర్ పెడుతున్నవని తెలిసింది. సామాన్లు తెచ్చే ఏజెంట్లు 'హెర్బల్', 'కెమికల్ లేదు' అనే చెప్తరు. ఆ మాటలు పక్కకు పెట్టి ఒక్కటే చూడు: వాళ్లు చెప్పే ఆకు నిజంగ ఆ పని చేస్తదా?

మైదాకుల ఉండే రంగు లాసోన్. కడిగిన పూట నారింజ, ఒకటి రెండు రోజులకు ముదిరి కాఫీ ఎరుపు. నలుపు ఎన్నటికీ కాదు. అరగంటల చెయ్యి నల్లగ పండిందంటే ఆ కోనుల పారా-ఫినైలిన్ డయామిన్ అనే తలరంగు రసాయనం, అంటే పీపీడీ, కలిపిండ్రనే అనుమానించు. వెంటనే చిక్కటి ఎరుపు వచ్చేటందుకు కొందరు సోడియం పిక్రమేట్ అనే రంగు రసాయనం కలుపుతరు. ఇంకో గుర్తు: అసలు మైదాకు ముద్ద బయట పెడితే నాలుగైదు రోజులకే రంగు చస్తది, ఫ్రిజ్‌ల పెట్టాలె. దుకాణంల నెలల తరబడి వేలాడిన కోను మరి ఎట్ల పండుతది? మొన కత్తిరించి వాసన చూడు, కిరసనాయిలు వాసన కొడితే వాపస్ ఇచ్చెయ్యి.

తలకు ఆకులతోనే నలుపు రావాలంటే రెండు దఫాల పని. ముందు మైదాకు పెట్టి కడగాలె. తర్వాత నీలి ఆకు పొడిని గోరువెచ్చటి నీళ్లల్ల చిటికెడు ఉప్పేసి కలిపి, 10–15 నిమిషాలు ఆగి వెంటనే పట్టించి, గంటకు పైనే ఉంచాలె. ముద్ద ఆకుపచ్చగ ఉండి పైన నీలి పొర కడతది. ఆలస్యం చేస్తే రంగు ఎక్కదు. ఒక్క పొట్లం, ఒక్క దఫా, అరగంటల నలుపు అన్నరంటే అట్ట తిప్పి చూడు. పీపీడీ అని రాయకున్నా 'సీఐ 76060', '1,4-డయామినోబెంజీన్' అని ఉంటే అదే. సన్న అక్షరాలైతే ఫోన్ కెమెరాతోటి పెద్దగ చేసి చదువు.

తలరంగుల పీపీడీ వాడుడు నేరం కాదు. కాని ముందు చర్మం మీద పరీక్ష చెయ్యాలని, కనురెప్పలకు, కనుబొమలకు వాడితే చూపు పోవచ్చని పొట్లంల ఇంగ్లిషుల, స్థానిక భాషల ఉండాలె. 'నేచురల్' అని రాసి ఈ హెచ్చరిక దాచినోడే ఎక్కువ ప్రమాదం.

పరీక్ష ఎట్లంటే, చెవి వెనుక రూపాయి బిళ్లంత రంగు పూసి, ఆరనిచ్చి, వెంటనే కడగకుంట పొట్లంల చెప్పినంత సేపు ఉంచి, 48 గంటల దాక చూడు. దురద, వాపు, పొక్కులు వెంటనే రావు, రెండో రోజుకు కూడ తేలతయి. "ఎన్నోసార్లు పెట్టుకున్న, ఏం కాలే" అనే మాట నమ్మకు. ఒంటికి ఎప్పుడు పడకుంట పోతదో తెల్వదు. ఒకసారి పడకపోతే జన్మంత పడదు, తర్వాత కొంచెం తాకినా మొఖం ఉబ్బి కండ్లు మూసుకపోవచ్చు. అందుకే పెండ్లిపిల్లను వారం ముందే రమ్మను.

ఇంక తెల్లబడే క్రీము. కొన్నిట్ల బెటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ కలుపుతరు – ఈ మూడూ స్టెరాయిడ్లు, డాక్టర్ చీటీ మీద వాడే మందులు. వారంల మొఖం మెరుస్తది. ఆపంగనే మంట, ఎరుపు, మొటిమలు. నెలల తరబడి వాడితే తోలు పలచబడి నరాలు కనిపిస్తయి. ఇప్పటికే వాడుతున్న ఆడిబిడ్డ వస్తే ఒక్కసారే ఆపమనకు, చర్మం డాక్టర్ దగ్గరికి తోలు. కొన్నిట్ల పాదరసం ఉంటది, అది మూత్రపిండాలను పాడు చేస్తది. డబ్బా మీద 'బంగారం, వెండి తాకనియ్యద్దు' అని ఉంటే ఇంకేం చూడకు. పాదరసం బంగారాన్ని పట్టుకుంటది కాబట్టే ఆ మాట రాస్తరు.

30 గ్రాములకన్న చిన్న డబ్బా మీద దినుసులు రాయకున్నా నియమం ఒప్పుకుంటది. కాబట్టి చిన్న డబ్బా కొనకు. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్, కంపెనీ చిరునామా లేనిది షాపులకే రానియ్యకు. ఎవరికి ఏది వాడినవో తారీఖు, బ్యాచ్ నంబరు నోటుబుక్కుల రాసి పెట్టు. రేపు ఎవరికన్నా పొక్కులొస్తే డాక్టర్ మొదట అడిగేది అదే.

నీ పెద్దమ్మ