స్వాతికి అత్త రాసిన ఉత్తరం

స్వాతీ,

ఉద్యోగం మానేసి ఆరు నెలలు థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఇండోనేషియా తిరుగుతావట. మీ నాన్న భయపడుతూ చెప్పాడు, నేను మురిసిపోతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక నాకూ టెన్షన్ మొదలైంది, అది వేరే సంగతి.

నీ ఎక్సెల్ షీట్ చూశాను. ఉన్న డబ్బుని 180 రోజులతో భాగించి రోజుకి ఇంతని రాశావు. ఖర్చు అలా నడవదమ్మా. ఒకే ఊళ్లో నెల ఉంటే అద్దె తగ్గుతుంది, ఎక్కడ తింటే చవకో తెలుస్తుంది. డబ్బు కారిపోయేది ఊరు మారిన రోజునే. ఎయిర్‌పోర్ట్ టాక్సీ, బ్యాగు బరువెక్కువైందని వేసే చార్జీ, కొత్త సిమ్, వీసా. వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు. బాలిలో దిగగానే వీసాకి 5 లక్షలు, టూరిస్టు పన్ను మరో లక్షన్నర. కంగారుపడకు, వాళ్ల రుపియాల్లో! నీ షీట్‌లో పద్నాలుగు ఊళ్లున్నాయి. సగం కొట్టెయ్. థాయ్‌లాండ్‌లో గడువు దాటి ఉంటే రోజుకి 500 బాట్లు జరిమానా, ఆ తేదీ ఫోన్లో పెట్టుకో.

ఇక అసలు విషయం. మీ మామయ్య పక్కనే కూర్చుని ఇది చదువుతున్నాడు, అయినా రాస్తాను.

రిటైరయ్యాక మేం వియత్నాం వెళ్లినప్పుడు, గది చవగ్గా వస్తోందని అక్టోబరులో హోయ్ ఆన్ చేరాం. అక్కడ అది వరదల కాలం. బయలుదేరేముందు ఈయన తన నంబరు రీచార్జ్ చెయ్యలేదు. "అక్కడి సిమ్ కొంటాం కదా, దీనికి దండగ" అన్నాడు. అలా ఆదా అయింది కొన్ని వందలు. ఖాతా ఇద్దరిదీ, బ్యాంకులో ఇచ్చిన నంబరు మాత్రం ఆయనది. నది వీధుల్లోకి వచ్చింది, కరెంటు తీసేశారు, ఏటీఎంలు ఆగిపోయాయి. ఎత్తు మీదున్న హోటల్‌కి ఆన్‌లైన్లో డబ్బు కట్టబోతే ఓటీపీ రాదే! పని చెయ్యని సిమ్‌కి ఎలా వస్తుంది? జీవితమంతా బ్యాంకులో పని చేసినదాన్ని, నా డబ్బు నాకే అందలేదు. చేతిలో ఉన్నది ఒక పూట భోజనానికి సరిపోతుందేమో. మేం గది తీసుకున్న ఇంటావిడ మమ్మల్ని మేడ మీదికి మార్చి, అన్నం పెట్టి, వరద తీశాక డబ్బివ్వండి అని సైగ చేసింది. ఈయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, తప్పు నాదైనట్టు! ఏటీఎం పనిచేశాక ఆ సంతోషంలో 20 వేల డాంగ్ నోటనుకుని 5 లక్షల నోటు ఇచ్చేశాడు. రెండూ నీలంగానే ఉంటాయి. కాఫీ కొట్టతను పిలిచి మరీ తిరిగిచ్చాడు.

అందుకే ఆరు నెలలూ నీ నంబరు బతికుండాలి. రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించు. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకెళ్లు, రెండూ ఒకే పర్సులో పెట్టకు. విదేశాల్లో వాడే సౌకర్యం కార్డుకి మామూలుగా ఆపేసి ఉంటుంది, యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మెషీన్ "రూపాయల్లో తీసుకోమంటారా" అని అడిగితే వద్దను, ఆ దేశపు కరెన్సీలోనే కట్టు. థాయ్ ఏటీఎంలు తీసిన ప్రతిసారీ 200 బాట్లకి పైనే పట్టుకుంటాయి, కొంచెం కొంచెంగా తీయకు. కొన్ని డాలర్లు నోట్లుగా దాచుకో. కంబోడియాలో డాలర్లు చెల్లుతాయి గానీ కాస్త చిరిగినా తీసుకోరు.

స్కూటర్ ఎక్కొద్దంటే వింటావా? వినవు. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ వియత్నాంలో చెల్లదు. చెల్లని లైసెన్సుతో నడిపి పడితే ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేస్తారు. ఆస్పత్రి బిల్లు నీ ఆరు నెలల బడ్జెట్‌ని ఒక్క రోజులో మింగేస్తుంది. నాకు రాత్రి నిద్రపట్టనిది దీని గురించే. వెనక కూర్చో తల్లీ, నడిపేవాళ్లకి డబ్బులిచ్చెయ్.

నీ వయసులో నాకూ జీతం వచ్చేది. రాజమండ్రి నుంచి తిరుపతి వెళ్లాలన్నా తోడెవరని అడిగేవాళ్లు. నువ్వు ఒక్కదానివే వెళ్తానంటే మీ నాన్న వద్దనలేదు చూడు, వాడి మీద కోపం తెచ్చుకోకు.

తిరుగు టికెట్ డబ్బు ఈ షీట్‌లో కలపకు, వేరే ఖాతాలో పెట్టు. ఇన్సూరెన్సు కాగితం రేపు పంపు, సన్నక్షరాలు నేను చదివి చెప్తాను.

ప్రేమతో,
అత్త