లగ్గానికి ముందు నాలుగు నెలలు: మేనకోడలికి ఒక ఉత్తరం

కరీంనగర్,
కార్తీక మాసం

బిడ్డా,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయావు. వెనక మీ అమ్మ గొంతు, దాని మీద మీ నాన్న గొంతు వినిపించాయి. గొడవ ఫంక్షన్ హాలు గురించో, పత్రికలో పేర్ల గురించో నాకు అర్థం కాలేదు. చివర్లో నువ్వన్న మాట మాత్రం రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. "రెండు వారాలుగా నడకకు వెళ్లడం లేదు అత్తమ్మా, పెళ్లయ్యాక చూసుకుంటాను" అన్నావు. ఫోనులో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు వస్తారు. అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పాను. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాను. పెళ్లి పనులు మొదలవగానే అందరూ ముందుగా మానేసేది నడకే. నువ్వు మాత్రం దాన్ని ముహూర్తం ముందురోజు దాకా మానవద్దు.

మీ పెద్ద వదిన పెళ్లి 2016 నవంబరు చివర్లో జరిగింది. నువ్వప్పుడు చిన్నదానివి, నీకు పూలు, పాటలు గుర్తుంటాయి. ఆ నెల ఎనిమిదో తేదీ రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. మా ఇంట్లో ఉన్నవన్నీ ఐదు వందలు, వెయ్యి నోట్లే. వంటవాళ్లకు, పూలవాళ్లకు, డప్పులవాళ్లకు ఏమివ్వాలో తెలియక మీ మామయ్య, నేను తెల్లవారకముందే బ్యాంకు ముందు వరుసలో నిలబడేవాళ్లం. నడక పోయింది, వేళకు తిండి పోయింది, నిద్ర పోయింది. పెళ్లినాడు ఆయన పొద్దున్నే షుగరు మాత్ర వేసుకున్నారు, ఆనవాయితీ ప్రకారం ఏమీ తినకుండా పీటల మీద కూర్చున్నారు. అల్లుడి కాళ్లు కడిగే వేళకు పళ్లెం పట్టిన చేయి వణకడం చూశాను. నుదుటి మీద చెమట ధార కట్టింది. హోమం పొగ వల్లేమో అనుకున్నాను. నర్సుగా పనిచేసే చుట్టం ఒకామె గబగబా వచ్చి చక్కెర నీళ్లు తాగించింది. కాసేపటికి తేరుకున్నారు. ఫొటోల్లో ఎక్కడా కనబడదు కానీ, ఆ ఆల్బమ్ తెరిస్తే నాకు ఇప్పటికీ ఆ వణికే చేయే కనబడుతుంది.

మీ నాన్నకూ షుగరు ఉంది. కాబట్టి చీరల కంటే ముందు ఈ పని చెయ్యి. ఈ వారంలోనే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పెళ్లిరోజు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏది ఆపాలో రాయించుకో. పంతులుగారికి కూడా ముందే చెప్పండి. ఒంట్లో బాగాలేని మనిషి పాలో పండో తీసుకుంటానంటే వద్దన్న పంతులుగారిని నేను ఇంతవరకు చూడలేదు. పట్టుదల అంతా మన ఇళ్లలోని పెద్దవాళ్లదే. మండపం దగ్గర మూడేసి చెంచాల చక్కెర కలిపిన చిన్న నీళ్ల సీసాలు రెండు, షుగరు చూసే మిషను ఒకటి మీ తమ్ముడి చేతిలో ఉండాలి. షుగరు 70 కంటే తగ్గితే ఆ నీళ్లు తాగించాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగించాలి. ఈ పని ఒక్కరికే అప్పగించు. అందరికీ చెబితే ఎవరూ చూడరు.

ఇక నీ సంగతి. రాత్రి అన్నం మానేసి నాలుగు కీరా ముక్కలు తిని పడుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. జాకెట్టు అందంగా అమరాలని నీ కోరిక. అందులో తప్పేమీ లేదు. కానీ వారానికి అర కిలో, మహా అయితే కిలో తగ్గితే ఆ తగ్గుదల నిలుస్తుంది. కడుపు మాడ్చుకుని తగ్గితే జుట్టు ఊడుతుంది, ముఖం వాడిపోతుంది, చిన్న మాటకే కన్నీళ్లొస్తాయి. ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న గొడవల్లో సగం ఆకలితో ఉన్నవాళ్ల గొడవలే అని నా అనుమానం. రాత్రికి ఒక జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిను. ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించుకో. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరుకు చూపించు, ఎంత వ్యాయామం చేసినా ఆ నీరసం తగ్గదు.

మగ్గం పని జాకెట్టుకు కొలతలు ఇప్పుడే ఇవ్వకు. ఆ పని అంచుల దాకా వస్తుంది కాబట్టి తర్వాత బిగించడం, వదులు చేయడం కష్టం. పుష్యమాసం చివర్లో ఇవ్వు, లోపల రెండు వైపులా కుట్టు వదలమని చెప్పు. ఆ తర్వాత తగ్గాలని చూడకు, ఉన్న బరువు నిలుపుకుంటే చాలు.

పెళ్లినాడు నీ ఒంటికి ఎంత పని పడుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. పూలజడ మెడను వెనక్కి లాగుతూ ఉంటుంది. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ వంగి దండం పెట్టాలి. సాయంత్రం మళ్లీ నిలబడాలి. ఒడిబియ్యం పోసేటప్పుడు కొంగునిండా బియ్యంతో నేల మీద నుంచి లేవాలి. అప్పుడు చేయి పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేకపోయినా లేవగలగాలి, అదీ నీకు కావలసిన బలం.

దానికి జిమ్ము అక్కర్లేదు. బడిలో నేను చేయించిన గుంజీలు చాలు, చెవులు మాత్రం పట్టుకోకు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టు. వెనక పీట ఉందనుకుని దాని మీద కూర్చోబోతున్నట్టు నెమ్మదిగా దిగు. మడమలు నేలను వదలకూడదు, ఛాతీ కిందికి వాలకూడదు. పది చేసి ఆగు, ఊపిరి తీసుకో, మళ్లీ పది, ఇంకో పది. వారానికి మూడు రోజులు చేస్తే నెలకల్లా తేడా తెలుస్తుంది. మెడకు, వీపుకు ఇంకొకటి చెబుతాను. గోడకు మడమలు, వీపు, తల ఆనించి రెండు నిమిషాలు నిలబడు. చిన్నగా కనిపిస్తుంది కానీ మొదటి రోజు భుజాలు నొప్పి పెడతాయి.

వేగంగా నడవడం లాంటి వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అరగంట దొరకని రోజున పది పది నిమిషాలుగా మూడుసార్లు నడువు.

ఆ నడకకు మీ అమ్మను తోడు తీసుకెళ్లు. ఇది నీ ఒంటి కోసం చెప్పడం లేదు, ఇంటి కోసం చెబుతున్నాను. వంటింట్లో ఎదురెదురుగా నిలబడితే ప్రతి మాటా నిలదీసినట్టే ఉంటుంది. మీ హనుమకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద పక్కపక్కన నడుస్తుంటే ఇద్దరి చూపూ నీళ్ల మీద ఉంటుంది, గొంతు పెరగదు. నేనూ మీ చిన్న వదినా ఒక నియమం పెట్టుకున్నాం: వెళ్లేటప్పుడు పెళ్లి మాటలు, తిరిగి వచ్చేటప్పుడు వేరే మాటలు. తేలనివి రేపటికి వదిలేసేవాళ్లం. దాని పెళ్లికి ఎంతమందిని పిలవాలో, నాగవెల్లికి ఏ చీర కట్టాలో అన్నీ నడుస్తూనే తేల్చుకున్నాం. తిరిగి వచ్చే దారిలో ఆ పిల్ల తన భయాలు చెప్పింది. ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

పత్రికలో పేర్ల సంగతి తాతయ్యకు వదిలెయ్యి. అచ్చుకు ఇచ్చే ముందు ఆయన అందరి ముందూ పైకి చదవాలి. ఆయన చదివిన వరుసను ఎవరూ కాదనరు.

మరొకటి. ఒకరి మాట ఇంకొకరికి మోయకు. నాన్న మాట అమ్మకు, అమ్మ మాట అటువైపు వాళ్లకు చేరవేసి నువ్వే నలిగిపోతున్నావు. "ఆ సంగతి మీరే మాట్లాడుకోండి" అని మెల్లగా అనడం నేర్చుకో. ఆ అబ్బాయికీ ఇదే చెప్పు. కానుకల విషయాలు, మర్యాదల విషయాలు రెండు ఇళ్ల పెద్దలు మాట్లాడుకోవాలి, మీరిద్దరూ మీ కాపురం గురించి మాట్లాడుకోవాలి.

ఆ మర్యాదల్లో నావీ ఉన్నాయి. నేను మీ అమ్మకు ఆడబిడ్డను. నాకు ఎంత ఖరీదు చీర పెట్టాలి, తక్కువైతే ఏమనుకుంటానో అని వదిన మథనపడుతోందని నాకు తెలుసు. నా పెద్ద కూతురి పెళ్లిలో మా ఆడబిడ్డ చీర రంగు గురించి పట్టింపులకు పోతే నేను రెండు రాత్రులు ఏడ్చాను. నా వదినకు ఆ ఏడుపు రాకూడదు. నాకు పట్టుచీర వద్దు, నేతచీర చాలు. ఈ మాట నేనే ఆమెకు చెబుతాను. నువ్వు చెప్పవద్దు.

ఇక పనుల వేళలు చూసుకో. మార్గశిరంలో వరంగల్ చౌరస్తాలో చీరలు, పుస్తె, మట్టెలు కొనెయ్యండి. పుష్యంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి దర్జీలు, వంటవాళ్లు తీరికగా దొరుకుతారు. సంక్రాంతి సకినాలు తిను, లెక్కపెట్టుకోకు. మాఘ పౌర్ణమికి మేడారం జాతర ఉంది. ఆ వారం హనుమకొండ రోడ్లన్నీ జనమే, బస్సులన్నీ అటే పోతాయి. పెళ్లి పని ఏదీ ఆ నాలుగు రోజుల్లో పెట్టుకోవద్దు. అమ్మవార్లకు బెల్లం సమర్పించి రండి. ఫాల్గుణంలో ముహూర్తానికి వారం ముందు కొత్త వ్యాయామం, ముఖానికి కొత్త క్రీము ఏదీ మొదలుపెట్టకు. నడక, తిండి, ఏడు గంటల నిద్ర చాలు.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరి వస్తున్నాను. మీ అమ్మ ఇప్పటికీ ఆ అరిగిన చెప్పులతోనే కట్ట ఎక్కుతోందని విన్నాను. ఒక కాగితం మీద ఆమె పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఫొటో తీసి నాకు పంపు. బూట్లు కరీంనగర్‌లోనే కొని తెస్తాను. పొద్దున ముగ్గురం కలిసి నడుద్దాం.

మీ అత్తమ్మ