లీటరున్నర పాలు

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నెల సరుకుల ఖర్చును 14,000 నుంచి 9,000కి దించాలని నువ్వు పట్టుబట్టావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు రాసుకున్న లెక్కల కాగితం ఫోటో కూడా పంపింది. అల్లుడి జీతం తగ్గిందని, ఇంటద్దె పెరిగిందని అప్పుడే తెలిసింది. నాకు ముందే ఎందుకు చెప్పలేదు? సరే, ఆ కోపం తర్వాత చూసుకుందాం. ఏ కూపన్ ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఏ దుకాణంలో ఏ రోజు తగ్గింపు, అన్నీ గళ్లు గీసి రాసుకున్నావు. చూసి ఎంత మురిసిపోయానో! స్కూలుకు వెళ్తూ రోజూ పెన్సిలు మరిచిపోయే పిల్లవి నువ్వు.

కాగితం చివరి గడి చూశాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. పాలు లీటరున్నర బదులు లీటరు అని రాశావు. గుడ్లు 30 బదులు 18. దాని సంగతి చివర చెబుతాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. డబ్బాలన్నీ మూతలు తీసి చూసుకున్నాకే చీటీ రాయి. ఆకలి మీద సరుకులకు వెళ్లకు. చంటివాణ్ణి అసలే తీసుకెళ్లకు. సబ్బులు, బట్టల పొడి, గిన్నెల సబ్బు లాంటివి ముక్కిపోవు కాబట్టి వాటికి కూపన్లు ఎన్ని వాడుకున్నా మంచిదే.

నూనె దగ్గర మాత్రం నెమ్మదిగా చూడు. లీటరు పొద్దుతిరుగుడు నూనె తూకానికి దాదాపు 910 గ్రాములు. అదే ఎత్తు, అదే బొమ్మ ఉన్న ప్యాకెట్లో 850 గ్రాములే ఉండవచ్చు, ఇంకా తక్కువ కూడా ఉండవచ్చు. తగ్గింపు అనే మాట అరచేయంత ఉంటుంది, తూకం మూలన చీమ తలకాయంత ఉంటుంది. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు. అది చదివి, రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి చూశాకే తీసుకో.

కూరగాయలు ఫోనులో తెప్పించుకోవడం మాని పొద్దున్నే రైతు బజారుకు వెళ్లు. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరమాడే పని లేదు. 1999లో అవి మొదలైన కొత్తలో నేనూ మీ అమ్మా విజయవాడ స్వరాజ్య మైదానంలోని బజారుకు వెళ్లేవాళ్లం. సొరకాయ నేనే మోస్తానని నువ్వు ఏడ్చేదానివి. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని రిక్షా దాకా తెచ్చేదానివి. దించమంటే దించేదానివి కాదు.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2015 వానకాలంలో కందిపప్పు ధర వారం వారం పెరుగుతూ పోయింది. దసరా నాటికి కిలో 200 తాకింది, నీకూ గుర్తుండే ఉంటుంది. శ్రావణ మాసంలో మా వీధి చివరి దుకాణంలో కిలో 128 అని పెట్టారు. పది కిలోలు కొంటే వంద రూపాయల కూపన్. నాకు భయం పట్టుకుంది. మా చిన్నప్పుడు ఇంట్లో పప్పు నిండుకున్న రోజులు చూశాను కదా, ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు. పది కిలోలు తెచ్చాను. ఆ కూపన్ వారం లోపల వాడాలి, అదీ 1,500 రూపాయల సరుకులు కొంటేనే. వంద వదులుకోవడమెందుకని మళ్లీ వెళ్లి ఇంకో పది కిలోలు కొన్నాను. 1,500 పూర్తి చేయడానికి బిస్కెట్లు, నూడుల్స్, నేల తుడిచే మందు కొన్నాను. మళ్లీ కూపన్, మళ్లీ అదే. మొత్తం 30 కిలోల పప్పు. కూపన్లతో మిగిలింది రెండు వందలు. ఆ రెండు వందల కోసం అక్కరలేనివి నాలుగు వందలు దాటి కొన్నాను. అదంతా మీ తమ్ముడి కాలేజీ ఫీజు కోసం కవరులో దాచిన డబ్బు.

ఎండ లేదు. ఎండబెట్టకుండానే, పాత పప్పు అడుగున ఉండగానే, డ్రమ్ములో గుమ్మరించి మూత బిగించాను. కార్తీకంలో మూత తీస్తే ముక్క వాసన గుప్పున కొట్టింది. పప్పు తెల్లని దారాలతో ఉండలు కట్టి ఉంది. చేయి పెడితే వేళ్ల మీదికి పురుగులు పాకాయి.

మా అత్తయ్య ఒక్క మాట అనలేదు. అప్పటికే ఆవిడకు ఒక కంట్లో శుక్లం. కిటికీ దగ్గర పీట వేసుకుని, చేటను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, చూపుడు వేలితో పప్పును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ నాలుగు రోజులు ఏరింది. పురుగు కనిపించక, వేలికి తగిలితే తీసేది. సగానికి సగం పారబోశాం. నేను వంటింట్లో నిలబడి ఆవిడ వీపు చూస్తూ ఏడ్చాను.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. కవరులో తగ్గిన డబ్బు పూడ్చాలి, ఎవరికీ తెలియకూడదు. నా పాలు మానేశాను. గుడ్లు, కూర పిల్లల వరకే. అందరూ తిన్నాక పచ్చడి మెతుకులు, పలచని మజ్జిగ. మాఘమాసంలో ఒకరోజు నీళ్లు పడుతూ పంపు దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది గ్రాములే ఉందన్నారు. పరీక్షలకు, మందులకు అయిన ఖర్చుతో రెండు డ్రమ్ముల పప్పు వచ్చేది. మా అమ్మ కూడా ఇలాగే చేసేది. తనకు మజ్జిగ పడదని చెప్పేది, మేం నమ్మేవాళ్లం.

అందుకే అడుగుతున్నాను, కాగితంలో కొట్టేసిన ఆ అర లీటరు ఎవరిది? అల్లుడి కాఫీ తగ్గదు. చంటివాడి గ్లాసు తగ్గదు, తగ్గకూడదు. తీసేసిన 12 గుడ్లు ఎవరి కంచంలోవి? చదవగానే తెలిసిపోయింది నాకు. ఇంకా పాలిస్తున్న తల్లివి నువ్వు. బుద్ధి ఉందా అసలు? ఇంత తెలివిగా లెక్కలు వేసి, నిన్ను నువ్వే కొట్టేసుకున్నావు. 9,000 కాకపోతే 10,500 అవుతుంది. మూడు వేల ఐదు వందలు మిగలడం చిన్న సంగతి కాదు తల్లీ. మొదటి నెలకు అది చాలు. నువ్వు దించగలవు, ఆ గళ్లు చూస్తేనే నాకు నమ్మకం కుదిరింది.

ఏడాది సరుకు కావాలంటే కూపన్ ఉన్నప్పుడు కాదు, పంట వచ్చినప్పుడు కొనాలి. శివరాత్రి నుంచి ఉగాది లోపల కొత్త చింతపండు, ఎండుమిరప వస్తాయి. అప్పుడే ఎండలు కూడా ఉంటాయి. మీ తమ్ముడు ఆదివారం అక్కడికి వస్తున్నాడు. గింజ తీసి, ఈనెలు ఏరి, ఉప్పు వేసి జాడీకి ఎత్తిన చింతపండు మూడు కిలోలు పంపుతున్నాను. తడి చెయ్యి పెట్టకు. కందిపప్పు ఐదు కిలోలు, రెండు ఎండలు ఎండబెట్టి, చల్లారాక డబ్బాలో పోశాను. ముందు మీ ఇంట్లో ఉన్న పప్పు అయిపోనివ్వు, దాని మీద ఇది పోయవద్దు.

డబ్బు తీసుకోవని తెలుసు, అందుకే పంపడం లేదు. రేపు పొద్దున పాలబ్బాయికి మళ్లీ లీటరున్నర వేయమని చెప్పు. చెప్పి నాకు ఫోను చెయ్యి, పది లోపల. పూజలో ఉన్నా తీస్తాను.

మీ పెద్దమ్మ