మొదటి టూ ఫ్యామిలీ ఇల్లు కొనేముందు రిపేర్ల డబ్బు పక్కన పెట్టుకోండి

అమెరికా వచ్చి నాలుగైదేళ్ళయిన వాళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు. "న్యూజెర్సీలో టూ ఫ్యామిలీ ఇల్లు కొని, కింద మేముండి పై పోర్షన్ అద్దెకిస్తే, లోన్‌లో సగం అద్దెతోనే తీరుతుంది కదండీ?" తీరుతుంది. నేను మొదట కొన్నది అలాంటి ఇల్లే. అయితే ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్ కట్టాను. ఆ చలికాలమే బాయిలర్ పోయింది. పైన పసిబిడ్డతో ఒక కుటుంబం ఉంది. ఇంట్లో హీట్ లేకుండా వాళ్ళను ఒక్క రాత్రి కూడా ఉంచలేం కదా! క్రెడిట్ కార్డు మీద కొత్త బాయిలర్ పెట్టించాను. ఆ అప్పు తీరడానికి ఏడాదిన్నర పట్టింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా, డౌన్ పేమెంటూ క్లోజింగ్ (ఇల్లు మన పేరు మీదకి మారే రోజు) ఖర్చులూ పోను మీ చేతిలో ఎంత మిగులుతుందని ముందు అడుగుతాను.

లోన్ సంగతికొస్తే, నాలుగు పోర్షన్ల దాకా మామూలు ఇంటి లోన్ ఇస్తారు. ఐదోది ఉంటే అది కమర్షియల్ లోన్, షరతులన్నీ వేరు. మీరు అందులో కాపురం ఉంటారా లేదా అన్నదాన్ని బట్టి డౌన్ పేమెంట్ చాలా మారుతుంది. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధనల్లో, ఓనర్ ఉండే రెండు నుంచి నాలుగు పోర్షన్ల ఇంటికి ధరలో 5 శాతం చాలు. ఈ వెసులుబాటు 2023 నవంబరులో వచ్చింది. అదే ఇల్లు మొత్తం అద్దెకైతే 25 శాతం కావాలి. ఈ తేడా చూసి, ఉంటామని సంతకం పెట్టి ఉండని వాళ్ళున్నారు. అది బ్యాంకుకి అబద్ధం చెప్పడమే, ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవాళ్ళు ఆ ఆలోచన దగ్గరికి కూడా రానీయకండి.

580 క్రెడిట్ స్కోరుంటే 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ఫెడరల్ ప్రభుత్వం హామీ ఉండే లోన్) వస్తుందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. వీసా మీద ఉన్నవాళ్ళకి అది పాత మాట. 2025 మే 25 నుంచి హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు ఎఫ్‌హెచ్‌ఏ ఇవ్వడం లేదు. వాళ్ళకి కన్వెన్షనల్ లోన్, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్, ఒక్కటే దారి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఎఫ్‌హెచ్‌ఏ తీసుకోవచ్చు గానీ, 10 శాతం కన్నా తక్కువ కడితే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (మనం లోన్ కట్టకపోతే బ్యాంకుని కాపాడే బీమా, ప్రీమియం మాత్రం మనదే) లోన్ ఉన్నన్నాళ్ళూ వదలదు. మూడు, నాలుగు పోర్షన్ల ఇల్లయితే దాని అద్దె నెలవారీ కట్టుబడికి సరిపోతుందని కూడా చూపించాలి. బ్యాంకు అద్దెలో 75 శాతమే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతాది ఖాళీ నెలలకీ రిపేర్లకీ. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు మీరూ అలాగే వేసుకోండి.

నాన్నగారు స్థలం అమ్మి డబ్బు పంపిస్తున్నారంటే కొన్ని నెలల ముందే తెప్పించుకోండి. బ్యాంకు రెండు నెలల స్టేట్‌మెంట్లు చూస్తుంది, పెద్ద మొత్తం కనిపిస్తే ఎక్కడిదని అడుగుతుంది. గిఫ్ట్ లెటరూ (ఈ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదని నాన్నగారు రాసిచ్చే ఉత్తరం), అమ్మకం కాగితాలూ దగ్గర ఉంచుకోండి.

ఇక రిపేర్లు. చూడ్డానికి వెళ్ళినప్పుడు మన కళ్ళు వంటింటి కేబినెట్ల మీదా, కొత్త పెయింట్ మీదా పడతాయి. నాకైతే భయమంతా నేల కింద ఏముందన్నదే. న్యూజెర్సీ పాత ఇళ్ళలో ఒకప్పుడు ఆయిల్‌తో హీటింగ్ నడిచేది. గ్యాస్‌కి మారాక చాలామంది ఆ ట్యాంకుని పెరట్లోనే వదిలేశారు. అది తుప్పు పట్టి కారితే మట్టంతా తవ్వి శుభ్రం చేయించాలి. ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది, ఇంటి ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఇది తేలదు, ట్యాంక్ స్వీప్ (నేల కింద ట్యాంకు ఉందేమో పరికరంతో వెతకడం) విడిగా చేయించాలి. వీధిలోకి పోయే డ్రైనేజీ పైపులోకి కెమెరా వేయించడం కూడా విడి పనే. ఈ రెండింటికీ అయ్యే కొన్ని వందల డాలర్ల దగ్గర మాత్రం దయచేసి వెనకాడకండి.

గోడల్లో పాతకాలం నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ (పింగాణీ గుబ్బల మీదుగా లాగిన కరెంటు తీగలు) ఉంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీ ఇవ్వవు, పాలసీ లేనిదే లోన్ రాదు. ఇల్లు 1978కి ముందుదైతే సీసం కలిసిన పెయింట్ ఉండవచ్చు. అద్దె పోర్షన్లకి ఆ తనిఖీ చేయించాలని 2022 జులై నుంచి రాష్ట్ర చట్టం ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది కేవలం కాగితాల పని అనుకోకండి, ఆ దుమ్ము పిల్లల మెదడుకి హాని చేస్తుంది.

బేస్‌మెంట్‌లో మూడో పోర్షన్ చూపించి "అదనపు అద్దె" అంటారు. టౌన్ ఆఫీసుకి వెళ్ళి ఆ ఇంటికి ఎన్ని పోర్షన్లకి అనుమతి ఉందో, ఏ పనులకి పర్మిట్ తీసుకున్నారో అడగండి. అనుమతి లేని పోర్షన్ అద్దెని నమ్ముకుని ధర ఒప్పుకోవద్దు.

పెద్ద పనులుంటే వాటి ఖర్చు కూడా లోన్‌లోనే కలిపే పద్ధతులున్నాయి. ఎఫ్‌హెచ్‌ఏ అర్హత ఉన్నవాళ్ళకి 203కె (చిన్న పనుల రకంలో 75,000 డాలర్ల దాకా), కన్వెన్షనల్‌లో హోమ్‌స్టైల్. డబ్బు పని జరిగేకొద్దీ విడతలుగా విడుదలవుతుంది కాబట్టి కొందరు కాంట్రాక్టర్లు ఇష్టపడరు. నా అనుభవంలో ఆ విడతలే మనకి రక్షణ. నేను సొంత డబ్బుతో బాత్రూమ్ చేయించినప్పుడు మొత్తం ముందే ఇచ్చేశాను. కాంట్రాక్టర్ తన ప్లంబర్‌కి డబ్బివ్వలేదు. ఆ ప్లంబర్ నా ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఆస్తి మీద ఉండే హక్కు) వేస్తానని నోటీసు పంపాడు. అప్పటినుంచి ప్రతి విడతకీ లీన్ వేవర్ (ఆ హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం) మీద సంతకం తీసుకుని మరీ చెక్కు ఇస్తున్నాను.

అద్దెకిచ్చేటప్పుడు మనవాళ్ళు తెలిసీ తెలియక చేసే పొరపాటు ఒకటుంది. "తెలుగువాళ్ళకే", "పిల్లలు లేనివాళ్ళకే" అని ప్రకటన ఇస్తారు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అలాంటి ప్రకటన తప్పు, ఓనర్ అదే ఇంట్లో ఉన్నా సరే. మనం ఈ దేశంలో అద్దె ఇంటి కోసం తిరిగిన రోజుల్లో మనల్ని కాపాడిందీ ఆ చట్టమే.

హెచ్-1బీ మీద ఉంటే అద్దె తీసుకోవచ్చు గానీ, అద్దెకిచ్చిన పోర్షన్‌లో రిపేర్లు మీ చేత్తో చేయడం, మేనేజ్‌మెంట్ అంతా మీరే చూడటం పని కిందకి వస్తుందేమో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇంటి లాయర్ వేరే. ఏజెంటు రాసిన కాంట్రాక్టు మీద సంతకాలయ్యాక న్యూజెర్సీలో మూడు పని దినాల అటార్నీ రివ్యూ (లాయర్ కాంట్రాక్టు చూసి మార్చడానికో రద్దు చేయడానికో ఉండే గడువు) ఉంటుంది, ఆ గడువు పోనివ్వకండి. పైన ఇప్పటికే ఎవరైనా అద్దెకుంటే, వాళ్ళు కట్టే అద్దె, డిపాజిట్ ఎంతో వాళ్ళ సంతకంతో రాయించుకుని, ఆ డిపాజిట్ క్లోజింగ్ రోజున మీకు బదిలీ అయ్యేలా లాయర్‌తో చెప్పండి. అది మరిచిపోతే, రేపు వాళ్ళు ఖాళీ చేసినప్పుడు మీరు తీసుకోని డబ్బు మీరే తిరిగివ్వాల్సి వస్తుంది.