టెక్ సందేహాలు: కార్బన్ సీట్‌పోస్ట్, ఒక టిక్ శబ్దం

ఫోన్ వేడెక్కుతోందని, ల్యాప్‌టాప్ నెమ్మదించిందని వచ్చిన ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఈసారి సైకిల్ ప్రశ్నలే నాలుగు వచ్చాయి. నాలుగూ సీటు కింది గొట్టం, అంటే సీట్‌పోస్ట్ గురించే.

హన్మకొండ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి: నాది అల్యూమినియం ఫ్రేమ్ రోడ్ బైక్, 25 మిల్లీమీటర్ల టైర్లు. ఆదివారం ములుగు దాకా వెళ్లొస్తే నడుము పట్టేస్తోంది. మా గ్రూపులో అందరూ కార్బన్ ఫైబర్ సీట్‌పోస్ట్ వేయించుకోమంటున్నారు. నిజంగా తేడా తెలుస్తుందా? ఏది కొనాలి?

తెలుస్తుంది, గ్రూపులో చెప్పుకునేంత మాత్రం కాదు. ముందు టైర్ల సంగతి చూడండి. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠ గాలి. దాన్నే సరైన అంకె అనుకుని 110, 120 పీఎస్ఐ కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. 70 కిలోల మనిషికి 25 టైరులో 85 నుంచి 90 చాలు. మీ ఫ్రేములో 28 టైరు పడితే ఇంకా తగ్గించొచ్చు. దీనికయ్యే ఖర్చు తక్కువ, నడుముకు దొరికే ఊరట ఎక్కువ. ఆ తర్వాతా నొప్పి తగ్గకపోతే సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం తెలిసినవాళ్లకు చూపించుకోండి. ఎత్తు తప్పుగా ఉంటే ఎంత ఖరీదైన పోస్ట్ పెట్టినా నడుము ఊరుకోదు.

ఇవన్నీ చేశాక కూడా మనసు లాగుతోందా? అయితే కొనుక్కోండి, తప్పులేదు. కంకర పైకి తేలిన తారు మీద సీట్లోంచి వచ్చే సన్నటి వణుకును కార్బన్ బాగానే మింగుతుంది. గుంతలో పడ్డప్పుడు వచ్చే దెబ్బను మాత్రం ఆపలేదు. ఆ మింగే గుణం కూడా ఫ్రేము బయట కనిపించే గొట్టం కాస్త వంగడం వల్ల వస్తుంది. అందుకే 31.6 మిల్లీమీటర్ల పోస్ట్ కన్నా సన్నగా ఉండే 27.2 ఎక్కువ సుఖం. పెద్ద ఫ్రేము తీసుకుని, పోస్ట్ నాలుగు వేళ్లే బయటికి ఉండేవాళ్లకు వంగడానికి గొట్టమే లేదు, వాళ్లు డబ్బు దాచుకోవడం మేలు. బరువు మాటకొస్తే, మామూలు అల్యూమినియం పోస్ట్ 250 నుంచి 300 గ్రాములు ఉంటే కార్బన్‌ది 200 దరిదాపుల్లో ఉంటుంది. బాటిల్లో నాలుగు గుక్కలు తాగేస్తే తగ్గే బరువు అది.

సైజు దగ్గర మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. పాత పోస్ట్ బయటికి తీస్తే కింది భాగంలో అంకె చెక్కి ఉంటుంది. 27.2, 30.9, 31.6 ఎక్కువగా దొరికేవి. పాత సైకిళ్లలో 26.8, 27.0 కూడా ఉంటాయి. అంకె చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, టేపుతో కాదు. 0.2 మిల్లీమీటర్ల తేడా కంటికి కనపడదు, కానీ ఆ కాస్త వదులుంటే పోస్ట్‌ను ఫ్రేములో పట్టి ఉంచే క్లాంప్ ఒత్తిడంతా ఒక్కచోట పడి కార్బన్ నలుగుతుంది. ఇరుకుగా ఉంటే సుత్తితో దించడం, ఎమరీ పేపర్‌తో పోస్ట్‌ను అరగదీయడం రెండూ వద్దు. ఫ్రేము గొట్టం పెద్దది, పోస్ట్ చిన్నది అయితే మధ్యలో షిమ్ అనే పల్చటి తొడుగు వేసుకోవచ్చు. గొట్టం గుండ్రంగా లేని ఏరో ఫ్రేములకు ఆ ఫ్రేము కంపెనీ ఇచ్చేదే పడుతుంది.

ఇంకో రెండు చూడండి. పాత పోస్ట్ తల వెనక్కి 20, 25 మిల్లీమీటర్లు జరిగి ఉండి, కొత్తది నిటారుగా ఉంటే సీటు అంత ముందుకు వచ్చేస్తుంది, మోకాళ్లకు ఆ తేడా తెలిసిపోతుంది. సీటు అడుగున ఉండే కడ్డీలు, అంటే రెయిల్స్, ఇనుపవైతే గుండ్రంగా 7 మిల్లీమీటర్లు ఉంటాయి. కార్బన్ రెయిల్స్ చాలావరకు కోడిగుడ్డు ఆకారంలో 7x9 ఉంటాయి, వాటికి సరిపోయే క్లాంప్ ఉన్న పోస్టే తీసుకోవాలి. కంపెనీ చెప్పిన బరువు పరిమితి కూడా చదవండి. పెద్ద కంపెనీ స్టిక్కర్ అంటించి పావు ధరకు అమ్మే వాటి మీద మాత్రం కూర్చోకండి.

కాజీపేట నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: 27.2 కార్బన్ పోస్ట్ వేయించాను. షాపులో గ్రీజు పూసి పెట్టారు. ప్రతి రైడ్‌లో సెంటీమీటరు కిందికి దిగుతోంది. గట్టిగా బిగిస్తే పగులుతుందంటున్నారు, వదులుగా ఉంచితే దిగుతోంది. ఏం చేయాలి?

ఈ కష్టం నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల కింద రామప్ప దాకా వెళ్దామని హన్మకొండలో తెల్లవారుజామున బయల్దేరాను. ములుగు దాటేసరికి మోకాళ్లు ఛాతీకి తగులుతున్నంత పని. సీటు మెల్లగా కిందికి దిగిపోయింది. నాకూ గ్రీజే పూసి ఇచ్చారు. రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆగి, జేబులోని ఎల్ కీతో బలమంతా పెట్టి బిగించాను. టిక్ మంది. చిన్న శబ్దమే. ఇంటికొచ్చి విప్పి చూస్తే క్లాంప్ ఉన్నచోట వెంట్రుకంత తెల్లగీత. పోస్ట్ చెత్తబుట్టకు వెళ్లింది, రామప్ప ఆ రోజు చూడనేలేదు. ఆ గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి, అయినా 800 ఏళ్లుగా నిలబడ్డాయి. ఎవరూ ఎల్ కీ పెట్టి బిగించలేదు మరి.

తప్పు గ్రీజుతో మొదలైంది. అల్యూమినియం ఫ్రేములో అల్యూమినియం పోస్ట్‌కు గ్రీజు సరైనదే, కార్బన్‌కు అదే జారుడుబల్ల. జారుతోందని బిగిస్తాం, బిగిస్తే నలుగుతుంది. మీరు పోస్ట్ బయటికి తీసి, దాన్నీ ఫ్రేము గొట్టం లోపలి భాగాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గ్రీజు జాడ లేకుండా తుడవండి. గొట్టం అంచు దగ్గర, క్లాంప్ చీలిక దగ్గర వేలు పెట్టి చూడండి. పదునుగా తగిలితే సన్నటి ఎమరీ పేపర్‌తో నునుపు చేసి, ఆ పొడి తుడిచేయండి. బాటిల్ కేజ్ బోల్టు లోపలికి పొడుచుకొచ్చి పోస్ట్‌ను గీకడం కూడా మామూలే, టార్చ్ వేసి చూడండి.

తర్వాత కార్బన్ అసెంబ్లీ పేస్ట్. చిన్న ట్యూబుల్లో వస్తుంది, వేళ్ల మధ్య రుద్దితే పంచదారలా గరగరలాడుతుంది. ఆ సన్నటి పలుకులే పట్టు ఇస్తాయి, కాబట్టి తక్కువ బిగింపుతో పోస్ట్ నిలుస్తుంది. గొట్టంలోకి దిగే భాగమంతా పల్చగా పూయండి. పైపూత మీద గీతలు పడతాయి, వాటికి టెన్షన్ పడొద్దు. పేస్ట్ దొరకలేదని ఇసుక, టూత్‌పేస్ట్ ప్రయోగాలు చేసేవాళ్లున్నారు. దండం పెట్టి చెబుతున్నా, వద్దు.

ఇక బిగింపు. సీట్ క్లాంప్‌కు సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు, చాలావాటి మీద 5 అని రాసి ఉంటుంది. ఫ్రేము, క్లాంప్, పోస్ట్ మీద వేర్వేరు అంకెలుంటే తక్కువదే పాటించండి. 5 అంటే ఎంతో తెలుసా? బోల్టు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో కీని పట్టుకుని సుమారు 5 కిలోల బలంతో లాగడం. అదే 20 సెంటీమీటర్ల కీ అయితే రెండున్నర కిలోలు చాలు. పొడవు కీతో మామూలుగా లాగినా రెట్టింపు పడుతుంది. 'చేతికి తెలుస్తుంది' అనే మెకానిక్ చేయి ఇక్కడే మోసం చేస్తుంది, నా చేయీ అలాగే చేసింది.

అందుకని బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్ కొనండి. కార్లకు వాడే పెద్ద రెంచ్ పనికిరాదు, దాని కొలత మొదలయ్యేచోటే మీ పోస్ట్ పని అయిపోతుంది. 2 నుంచి 20 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసే చిన్నది కావాలి. 5 దగ్గర టక్కున ఆగిపోయే టీ ఆకారపు కీలు ఇంకా చవక. ఒకరికే భారమైతే హాస్టల్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, రోజూ కావాల్సిన వస్తువు కాదు కదా. 4 దగ్గర మొదలుపెట్టి, సీటు మీద బరువు వేసి చూసి, దిగితే అర చొప్పున రాసి ఉన్న అంకె దాకా వెళ్లండి. అక్కడికీ దిగుతుంటే సైజు తప్పో, క్లాంప్ అరిగిందో అనుకోవాలి. ఇంకా బిగించడం దారి కాదు. సీటు రెయిల్స్ పట్టే పై బోల్టుల అంకె వేరుగా, ఎక్కువగా ఉంటుంది, పోస్ట్ తల మీద చూసుకోండి. రెండు బోల్టులుంటే చెరికాస్త మార్చి మార్చి బిగించాలి.

లోతు కూడా ముఖ్యం. పోస్ట్ మీద కనిష్ఠ లోతును చూపే గీత గొట్టం లోపల మునిగి ఉండాలి. అది చాలదు, పోస్ట్ అడుగు భాగం పై అడ్డ గొట్టం సీటు గొట్టానికి అతికిన చోటు దాటి కిందికి వెళ్లాలి. పొడవుగా ఉండేవాళ్లు చిన్న ఫ్రేము కొని పోస్ట్ పైకి లాగి నడిపితే, పగిలేది ఫ్రేమే.

వానాకాలం అయ్యాక ఒకసారి, ఎండాకాలం చెమట తర్వాత ఒకసారి పోస్ట్ తీసి తుడిచి మళ్లీ పేస్ట్ వేయండి. తడి, ఉప్పు ఉన్నచోట కార్బన్‌ను ఆనుకున్న అల్యూమినియం తుప్పులాంటి తెల్లపొడిగా మారి రెండిటినీ అతికించేస్తుంది. అలా అతుక్కుంటే తీయడం ఒక యజ్ఞం. విప్పేముందు ఎత్తు దగ్గర ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వేసుకుంటే మళ్లీ కొలవక్కర్లేదు.

కరీంనగర్ నుంచి: పోస్ట్ చాలా పొడవుంది, అడుగున తగులుతోంది. కోయొచ్చా?

తయారీదారు ఒప్పుకుంటే కోయొచ్చు. కనిష్ఠ లోతుకు కావాల్సినంత మిగలాలి, కనిష్ఠ గీత స్థానాన్ని కోసిన కొసను బట్టి మళ్లీ గుర్తుపెట్టుకోవాలి. కోయాల్సిన చోట చుట్టూ టేపు వేసి, అంగుళానికి 32 పళ్లున్న హ్యాక్‌సా బ్లేడుతో మెల్లగా, నీళ్లు చల్లుతూ కోయండి. మూతికి మాస్కు తప్పనిసరి, ఆ నల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో చేయొద్దు, ఇల్లాలు ఊరుకోదు కూడా.

మంచిర్యాల నుంచి: సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ పోస్ట్ కొన్నాను. ఒకచోట తెల్లగా గీత ఉంది. గోటితో గీకితే తగులుతోంది. పర్వాలేదా?

పర్వాలేదని నేను అనను. పైపూత మీద గీత అయితే గోరు జారిపోతుంది. గోరు ఆగిందంటే పోగుల దాకా దెబ్బ తగిలి ఉండొచ్చు. అల్యూమినియం చాలావరకు వంగి ముందే హెచ్చరిస్తుంది, కార్బన్ చాలాసార్లు చెప్పకుండా విరుగుతుంది, అదీ మీరు దాని మీద కూర్చున్నప్పుడు. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. అన్నిచోట్లా ఖణేల్‌మని, అక్కడ మాత్రం బోలుగా మోగితే మరో మాట లేదు. శబ్దం బాగున్నా ఆ గీత క్లాంప్ పట్టేచోట ఉంటే నేనైతే తిరిగి ఇచ్చేస్తాను. తీసుకోకపోతే రంపంతో రెండు ముక్కలు చేసి పారేయండి, ఇంకొకరు కొనుక్కోకుండా.