ఇళ్లు లెక్కపెట్టడం అయ్యాక

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాయడం నీకు వచ్చేసింది, దాని గురించి బెంగ పెట్టుకోకు. శ్రీలంక ఉత్తరాన కిలినొచ్చి వైపు మన దేశం డబ్బుతో కట్టిన ఇళ్ల గురించి రాశావు. గుమ్మానికి మామిడాకులు, పొంగిన పాలు, కళ్లు తుడుచుకుంటున్న పెద్దావిడ, అన్నీ కళ్లకు కట్టాయి. అయితే అవన్నీ పదేళ్ల కిందటి ఫొటోల్లోంచీ అప్పటి ప్రకటనల్లోంచీ తీసుకున్నవి. చివర్లో మాత్రం ‘యుద్ధంలో చితికిన బతుకులు మళ్లీ చిగురించాయి’ అని తేల్చేశావు. చిగురించాయని నీకెవరు చెప్పారు? తాళాలు చేతిలో పెట్టిన రోజు ఎవరి మొహమైనా వెలిగిపోతుంది. వచ్చే నెల నువ్వే వెళ్తున్నానన్నావని మీ నాన్న చెప్పాడు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇచ్చింది చిన్న సాయం కాదు. 2009 మేలో సైన్యానికీ తమిళ పులులకూ మధ్య యుద్ధం ముగిసేనాటికి దాదాపు మూడు లక్షల మంది శిబిరాల్లో ఉన్నారు. వాళ్లు ఊళ్లకు తిరిగొచ్చేసరికి చాలాచోట్ల గోడలే మిగిలాయి, కొన్నిచోట్ల అవీ లేవు. ఇండియా 50,000 ఇళ్లు ఇస్తామంది. అందులో 46,000 ఉత్తర, తూర్పు రాష్ట్రాలకు. పెద్ద విడత 2012 అక్టోబర్ 2న మొదలైంది. కాంట్రాక్టరు చేతికి ఇవ్వకుండా ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకునే పద్ధతి పెట్టారు. మన ఇందిరమ్మ ఇళ్లకు బిల్లులు పడ్డట్టే పని జరిగేకొద్దీ విడతలుగా, నేరుగా బ్యాంకు ఖాతాలోకి డబ్బు. కొత్త ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు, మరమ్మతుకైతే 2.5 లక్షలు.

పద్ధతి మంచిదే. కానీ ఇల్లు కట్టి చూసినవాళ్లకు తెలుసు, ఎస్టిమేటు ఎప్పుడూ ఎస్టిమేటే. ఊరూరా ఒకేసారి పునాదులు తీస్తే ఇసుక ధర, తాపీమేస్త్రి కూలి ఊరుకుంటాయా? ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది వేద్దామనే ఆశ ఒకటి. మగదిక్కు లేని ఇంట్లో ప్రతి పనికీ కూలి ఇచ్చుకోవాల్సిందే. ఇల్లు పూర్తి చెయ్యడానికి అప్పు చేసినవాళ్ల సంగతి అప్పట్లోనే చర్చకు వచ్చింది. ఆ తర్వాత చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ల మీద పడ్డాయి. వారం వారం వాయిదాలు కట్టలేక ఆడవాళ్లు నలిగిపోయారు. 2018లో ప్రభుత్వమే దిగొచ్చి, కరువు జిల్లాల్లో ఆడవాళ్లు తీసుకున్న లక్ష రూపాయల లోపు అప్పులు రద్దు చేస్తామని చెప్పాల్సి వచ్చింది. ఇది మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2010లో ఇక్కడ మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ ఎందుకు వచ్చిందో మీ అమ్మనడిగినా చెబుతుంది.

ఇప్పుడు నీ నోట్‌బుక్‌లో రెండు విషయాలు ఉన్నాయనుకో. ఇల్లు నిలబడింది, ఇంట్లో అప్పుంది. వెంటనే ‘సాయం అప్పుల్లోకి నెట్టింది’ అని హెడ్డింగ్ పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ఆ అప్పు ఇంటి కోసం చేసిందేనా? కరువుకా, కూతురి పెళ్లికా, లీజు మీద తెచ్చిన ఆటోకా? పైగా 2021లో ఆ దేశంలో రసాయన ఎరువులు నిషేధించారు, వరి రైతు కుదేలయ్యాడు. 2022లో దేశమే విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఈ దెబ్బలు ఇల్లు వచ్చినవాడికీ తగిలాయి, రానివాడికీ తగిలాయి. నువ్వు ఇల్లు వచ్చినవాడి గుమ్మంలోనే కూర్చుంటే, ఏ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో నీకెప్పటికీ తెలియదు. ఇల్లు రానివాడి దగ్గరికి కూడా వెళ్లాలి. వాడు ఫొటోలో ఉండడు, లబ్ధిదారుల జాబితాలో ఉండడు, నిన్ను తీసుకెళ్లే సంస్థ జీపు అటు వెళ్లదు. వెతుక్కుంటూ నువ్వే వెళ్లాలి.

ఇలా సాయం వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసే పనిని నాకు తెలిసినంతలో అందరికంటే ఓపిగ్గా చేసింది పశ్చిమ ఆఫ్రికాలో, సియెర్రా లియోన్‌లో. అక్కడ అంతర్యుద్ధం 1991లో మొదలై 2002 దాకా సాగింది. కుర్రాళ్లు తుపాకులు పట్టడానికి చెప్పిన కారణాల్లో ఒకటి ఊళ్లలో పెద్దల పెత్తనం. ముఖ్యులు చెప్పిందే వేదం, యువకులకూ ఆడవాళ్లకూ నోరెత్తే వీల్లేదు. అందుకని యుద్ధం తర్వాత వచ్చిన సాయానికి రెండు పనులు అప్పగించారు. ఊరికి కావలసినవి కట్టాలి, కడుతూ కడుతూ పెత్తనం తీరు కూడా మార్చాలి. ఆ కార్యక్రమం పేరు గో బిఫో. ఊరికి 4,667 డాలర్లు, అంటే ఇంటికి సుమారు వంద డాలర్ల లెక్క. ఏం కట్టుకోవాలో ఊరే కూర్చుని తేల్చుకోవాలి. బ్యాంకు ఖాతా మీద సంతకం పెట్టే ముగ్గురిలో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. బొంబాలి, బోంతే జిల్లాల్లో 236 ఊళ్లు తీసుకుని, లాటరీ వేసినట్టు సగం ఊళ్లకు ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. ఇవ్వని ఊళ్ల మాటేమిటి, అది న్యాయమా అని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ డబ్బు ఎలాగూ అన్ని ఊళ్లకూ చాలదు. అలాంటప్పుడు ఎవరి బంధువు ఊరు, ఎవరి పార్టీ ఊరు అని చూసే బదులు చీటీలు తియ్యడమే నయం.

ఆర్థికవేత్తలు క్యాథరిన్ కేసీ, రేచల్ గ్లెనర్‌స్టర్, ఎడ్వర్డ్ మిగెల్ దీన్ని 2005 నుంచీ వెంటాడారు. కట్టినవి లెక్కపెట్టడం తేలిక. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉందా, మరుగుదొడ్డి ఉందా, బడికి పైకప్పు ఉందా అని చూసుకుంటే సరిపోతుంది. పెత్తనం మారిందో లేదో ఎలా చూస్తారు? ‘మీ ఊళ్లో ఆడవాళ్ల మాట చెల్లుతుందా’ అని అడిగితే అందరూ చెల్లుతుందనే అంటారు. డబ్బిచ్చినవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో ఊరికి తెలియదా ఏమిటి?

అందుకని వాళ్లొక పని చేశారు. సాయం వచ్చిన ఊరికీ రాని ఊరికీ ఒక పెద్ద టార్పాలిన్ పట్టా ఇచ్చారు. ఇది ఊరందరిదీ, ఎలా వాడుకుంటారో మీ ఇష్టం అని చెప్పి వెళ్లిపోయారు. కొన్ని నెలలకు తిరిగొచ్చి చూశారు. పట్టా ఎక్కడుంది? ఎవరైనా వాడుకోగలిగేచోట ఉందా, ఒకరి ఇంట్లో మడత పెట్టి ఉందా? దాన్ని ఏం చెయ్యాలో నిర్ణయించినప్పుడు పిలిచిందెవరిని? ఇంకోసారి బ్యాటరీలు, ఉప్పు రెండూ ముందు పెట్టి, ఊరికి ఏదో ఒకటే తీసుకోమన్నారు. ఊరు ఆ సంగతి మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని ఎవరు నోరు విప్పారో, ఎవరు విప్పలేదో రాసుకున్నారు. పట్టా, ఉప్పు, బ్యాటరీలు, అంతే సరంజామా. మనం వంద ప్రశ్నల ఫారం పట్టుకెళ్లి రాబట్టలేనిది దీంతో బయటపడింది.

2009 నాటి లెక్క ఇలా తేలింది. సాయం వచ్చిన ఊళ్లలో వసతులు పెరిగాయి, బాగానే నడుస్తున్నాయి, డబ్బు గోల్‌మాల్ కాలేదు. పెత్తనం మాత్రం ఉన్నచోటే ఉంది. ప్రాజెక్టు మీటింగుల్లో మాట్లాడిన ఆడవాళ్లు, ప్రాజెక్టుతో సంబంధంలేని మీటింగులో మిగతా ఊళ్ల ఆడవాళ్లకంటే ఎక్కువేమీ మాట్లాడలేదు.

ఇక్కడ నీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఈ ఆర్థికవేత్తలు ఫలితాల జోలికి వెళ్లకముందే, ఏం మారుతుందని ఆశిస్తున్నారో, దాన్ని ఏ కొలతతో చూస్తారో రాసి దాఖలు చేసుకున్నారు. తర్వాత అదే సమాచారంలోంచి కావలసిన ముక్కలు ఏరి రెండు కథలు అల్లి చూపించారు. ఒక కథలో సాయం ఊరి వ్యవస్థను బాగుచేసింది, రెండో కథలో పాడుచేసింది. రెండింట్లోనూ అంకెలు నిజమైనవే. మన విలేకరులు చేసేది తరచూ ఇదే అనిపిస్తుంది నాకు. అబద్ధం ఒక్కటీ ఉండదు, వ్యాసం మొత్తం అబద్ధంగా ఉంటుంది.

కథ అక్కడితో ఆగలేదు. మధ్యలో 2014లో ఎబోలా అంటువ్యాధి వచ్చి ఆ దేశాన్ని ఊపేసింది. కార్యక్రమం మొదలైన పదకొండేళ్లకు ఆ ముగ్గురూ మార్టిన్ వూర్స్ అనే ఇంకో ఆర్థికవేత్తను కలుపుకుని మళ్లీ అదే ఊళ్లకు వెళ్లారు. వసతుల్లో తేడా అప్పటికీ నిలిచే ఉంది, వ్యాపారం కూడా పెరిగింది. ఊరి పెత్తనంలో మార్పు కొద్దిగా కనిపించింది, అంతకుమించి లేదు. సాయం వచ్చిన ఊళ్లు ఎబోలాను కాస్త మెరుగ్గా ఎదుర్కొన్నట్టు ఆనవాళ్లున్నాయి గానీ, వాళ్లు కూడా దాన్ని గట్టిగా చెప్పలేదు. ఫలితాలు ఎలా ఉంటాయో నిపుణులను ఊహించమని కూడా అడిగారు. అక్కడి అధికారులు మరీ ఎక్కువ ఆశించారు, విదేశీ ప్రొఫెసర్లు మరీ తక్కువ. నీ వ్యాసం ఆ అధికారుల వరసలో ఉంది. నేను వయసు మీద పడి ప్రొఫెసర్ల వరసలో చేరుతున్నానేమో, నా మాటలు కూడా ఆ మేరకు తగ్గించుకుని చదువు.

నువ్వు 236 ఊళ్లు తిరగలేవు, లాటరీ వెయ్యలేవు. ఒక్కదానివి, వారమో పది రోజులో ఉంటావు. ఉన్నంతలో చెయ్యగలిగింది చెబుతాను. ఇళ్లు వచ్చిన ఊరు ఒకటి, దానికి దగ్గర్లోనే రాని ఊరు ఒకటి చూసుకో. ఊరంతటికీ వచ్చేసి ఉంటే జాబితాలో పేరు పోయిన కుటుంబాలను వెతుకు. భూమి కాగితం లేనివాళ్లు, ఇంట్లో ఒక్కరే ఉన్నవాళ్లు, సొంత స్థలం సైన్యం చేతిలో ఉన్నవాళ్లు ఇలాంటిచోట్ల జారిపోతుంటారు. దుబాసీని సంస్థవాళ్లు ఇస్తామంటే దణ్ణం పెట్టి వద్దను. అరవం వచ్చిన మనిషిని నువ్వే మాట్లాడుకో, వీలైతే ఆడమనిషిని. భర్త పోయినావిడ అప్పుల సంగతి పరాయి మగాడి ముందు చెప్పదు.

గోడలకంటే బావి దగ్గర ఎక్కువసేపు నిలబడు. మోటారు కాలిపోతే డబ్బు ఎవరు వేస్తారు? కమిటీ హాలు తాళం ఎవరింట్లో ఉంది? పోయినసారి రిపేరు ఎప్పుడు జరిగింది, ఎంతయింది? ‘మీ జీవితం మెరుగుపడిందా’ అని మాత్రం అడక్కు. దానికి మర్యాదగా అవుననే చెబుతారు, టీ కూడా ఇస్తారు, నువ్వు ఖాళీ చేతులతో వస్తావు.

ఇంకో మాట, ఇది కొంచెం బరువైనది. కిలినొచ్చిలో 2017 ఫిబ్రవరి నుంచి తల్లులు రోడ్డు పక్కన కూర్చున్నారు. యుద్ధం చివర్లో కనబడకుండా పోయిన పిల్లలు ఏమయ్యారో చెప్పమని అడుగుతున్నారు. వాళ్లలో సాయంతో వచ్చిన ఇంట్లో ఉంటున్నావిడ నీకు తారసపడొచ్చు. ఇంటి సర్వే ప్రకారం ఆవిడ లెక్క పూర్తయింది. పైకప్పు ఉంది, మరుగుదొడ్డి ఉంది, కరెంటు ఉంది. కొడుకు సంగతి రాసుకునే గడి ఆ ఫారంలో లేదు. అలాగని ఆవిణ్ణి తెచ్చి వ్యాసం చివర కూర్చోబెట్టి ఇళ్ల పథకాన్ని తీసిపారేయకు. ఇల్లు ఇచ్చినవాళ్లు కొడుకును తెస్తామని చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఇల్లు ఆవిడకు ఏం చేసింది, ఏం చెయ్యలేకపోయింది, రెండూ ఆవిడ మాటల్లోనే రాయి. పేరు, ఊరు, కొడుకు బడి పేరు వద్దు. నువ్వు విమానం ఎక్కి వచ్చేస్తావు, ఆవిడ అక్కడే ఉండాలి.

బయల్దేరే ముందు ఒక పని చెయ్యి. అక్కడ ఏం కనబడుతుందనుకుంటున్నావో, ఏది చూస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావో ఒక పేజీ రాసి నాకు వాట్సాప్‌లో పంపు. తేదీ వెయ్యడం మర్చిపోకు. నువ్వొచ్చి కొత్త వ్యాసం రాశాక, ఆ పేజీ పక్కన పెట్టుకునే చదువుతాను. పాత వ్యాసం ఎక్కడికీ పంపకు. ఎడిటరు తొందరపెడుతుంటే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.

ఇట్లు,
బాబాయి